కాళ్ళు ఆఖరున

పాలలో నానేసిన రొట్టె ఈ పూట కూడా గిన్నెలో అలాగే ఉండిపోయింది. పైన మీగడ కట్టింది.

"రెండు చెంచాలు తినేసి మళ్ళీ కూర్చోండి మామయ్యా. గేటు ఎక్కడికీ పోదు," అంది కోడలు.

"డ్యూటీలో ఉండగా తినకూడదు సిస్టర్," అన్నాడు పెద్దాయన మెల్లగా. "నేను తింటూ కూర్చుంటే, ఈలోగా వచ్చి చూసి వెళ్ళిపోతే?"

"ఎవరూ వెళ్ళిపోరు. నేనుంటానుగా ఇక్కడ."

"మీకు వేరే వార్డు ఉంది కదమ్మా."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గిన్నె మీద మూత పెట్టి అక్కడే నిలబడింది.

కుళాయి పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు పెద్దాయన. కాళ్ళ దగ్గర సత్తు బేసిన్, భుజం మీద మడత నలగని తువ్వాలు. ఎదురుగా రెండిళ్ళ పెరళ్ళనీ కలిపే చిన్న ఇనుప గేటు. గేటు చూస్తే నడుమెత్తు కూడా లేదు, దానికి వేలాడుతున్న తాళం మాత్రం గోడౌనుకి వేసేది. తెల్లవారగట్ల సన్నగా వాన పడి వెలిసింది. తీగ మీది తడి బట్టల్లోంచి వెలుతురు నీలంగా, పసుపుగా మారి ఆయన తెల్లజుట్టు మీద పడుతోంది. అలా చూస్తూ ఉంటే పెరడంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు, తామిద్దరూ అక్కడ ఊపిరి పీల్చడం మరిచిపోయి కూర్చున్నట్టు అనిపించింది ఆమెకి.

చెరువు మీద అలిగినవాడు ఏం కడుక్కోకుండా తిరిగాడో లోకానికంతటికీ తెలుసు. ఈ ఇంట్లో కుళాయి మీద అలిగారు. అలిగింది ఒకరు, పస్తు ఇంకొకరిది.

పెద్దాయన ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. మందుల పేర్లు అడిగితే ఇప్పటికీ గడగడా అప్పజెబుతాడు. ఇంట్లో మనుషులే ఒక్కొక్కరుగా జారిపోయారు. కోడలు సిస్టరైంది. ఒక్కగానొక్క కొడుకు, ఆసుపత్రి ఫ్యాన్లు బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కయ్యాడు.

ఆ కొడుకే ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. కాలిపోయిన మోటార్లకి కొత్త రాగితీగ చుట్టి ప్రాణం పొయ్యడం అతని పని. గోళ్ళ సందుల్లో వార్నిష్ మరకలు ఆదివారం ఆరాధనకి కూడా వదలవు.

"తిన్నాడా?"

"లేదు."

"నీళ్ళు?"

"తాగారు. కుళాయి పక్కనే కూర్చున్నారు కదా, ఆ ఒక్కదానికీ లోటు లేదు."

మాటలోని ముల్లు అతనికి తగిలింది. గుండీ వదిలేసి గేటు వైపు చూశాడు.

"తాళం తియ్యండి," అంది ఆమె.

"తియ్యను."

"పక్కింటి భాయ్ మీద కోపం మామయ్య కడుపు మీద చూపిస్తారా?"

"నేను చూపించానా? నేను కోప్పడ్డానా అసలు, మొదట?" అతని గొంతు పెద్దది కాలేదు. అదే ఆమెకి ఎక్కువ భయం. "నాన్న సంఘంలో పెద్ద. ఏటా చర్చిలో అందరి కాళ్ళూ కడిగిన మనిషి. మతి జారి, పక్కింటాయన నీళ్ళకని కుళాయి దగ్గరికి రాగానే వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. నేనేమన్నాను? ప్రభువు చేసిన పనే చేస్తున్నాడు, చెయ్యనీ అన్నాను. అన్నానా లేదా?"

"అన్నారు."

"కడిగించుకుని ఇంట్లోకెళ్ళి మళ్ళీ కడుక్కుంటాడా? నా కళ్ళతో నేను చూశాను. వాళ్ళ వంటింటి కిటికీ తెరిచే ఉంది. తీరిగ్గా కూర్చుని, వేళ్ళ సందులు కూడా వదలకుండా. ఒకరోజు కాదు, చూసిన ప్రతిరోజూ అంతే. ఏం, మా నాన్న చెయ్యి తగిలితే మైలపడిపోయాడా?"

"అడగాల్సింది."

"అడిగాను. అదిగో ఆ గేటు దగ్గరే నిలబెట్టి అడిగాను. ఏం చెప్పాడు? తల వంచుకున్నాడు. తప్పు లేనివాడు తల వంచుకుంటాడా? ఇప్పుడు ఏం చెయ్యమంటావు, ఆ కాళ్ళు కడిగి నీళ్ళు నెత్తిన చల్లుకోమంటావా?"

కందకి లేని దురద కత్తిపీటకెందుకని అనబోయి ఊరుకుంది ఆమె. కందకి మతి లేదు కదా, దురద తెలియడానికి. భాయ్ తల వంచుకోవడం ఆమె కూడా చూసింది. 

పెద్దాయన తల తిప్పి కొడుకుని చూశాడు. మర్యాదగా నవ్వాడు.

"మెకానిక్ గారూ, వార్డులో ఫ్యాను అయిపోయిందా?"

"అయిపోయిందండీ," అన్నాడు కొడుకు.

"చల్లగా ఉండండి."

"వెళ్ళొస్తానండీ."

అలా బదులు చెప్పడం అతను ఎప్పుడు నేర్చుకున్నాడో ఆమెకి తెలియదు. మొదట్లో 'నేను నాన్నా' అని దిద్దేవాడు. దిద్దినప్పుడల్లా ముసలాయన బెదిరిపోయేవాడు. దిద్దడం మానేశాక ఇద్దరికీ కాస్త నెమ్మది వచ్చింది. కానీ వీధి మలుపు తిరిగేదాకా అతని వీపు చూస్తే, ఆ నెమ్మది ఎవరి ఖర్చు మీద వచ్చిందో తెలిసిపోతుంది.

*

మధ్యాహ్నం ఆమె మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తోంది. కుట్టు సాగుతోంది గానీ మనసు సాగడం లేదు. తడి నేల నుంచి ఆవిరి లేచి కిటికీ దాకా వస్తోంది. కళ్ళు మూతపడ్డాయి. రెప్పపాటు కలలో గేటు తెరుచుకుంది. దానిలోంచి ఎవరూ రాలేదు, నీళ్ళు మాత్రం మెల్లగా వచ్చి అందరి కాళ్ళ చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి. మెలకువ వచ్చేసరికి దారం తెగి ఉంది.

ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

గేటు తీసుంటే పక్కింటికి వెళ్ళడం ఒక పనే కాదు. ఇప్పుడు వీధంతా చుట్టి, వెనక వీధిలోకి తిరిగి, భాయ్ కళ్ళజోళ్ళ షాపు పక్క తలుపు తట్టాల్సి వచ్చింది. షాపులో అద్దాలు అరగదీసే చక్రం సన్నగా పాడుతోంది.

తలుపు తీసిన ఆపా, భాయ్ భార్య, ముఖంలో నవ్వు లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ గోడ మీంచి ఉప్పు, సూది, జ్వరం మాత్రలు, కబుర్లు ఇచ్చిపుచ్చుకున్న మనిషి. ఒకసారి ఆపాకి జబ్బు చేస్తే ఈమె మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసింది. చివర్న ఆమెన్ అంటే, ఆపా నీరసంగా ఆమీన్ అంది. తర్వాత ఇద్దరూ ఆ రెండు మాటలూ ఒక తల్లి పిల్లలే అయ్యుంటాయని నవ్వుకున్నారు.

"పెరటి గేటుకి తాళం వేసినవాళ్ళు వీధి తలుపు తడితే ఏమనుకోవాలి చెల్లీ?" అంది ఆపా.

"తాళం నేను వెయ్యలేదు ఆపా."

"తియ్యనూ లేదు."

  ఆపా పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. వంటింటి కిటికీలోంచి అవతల పెరడు కనిపిస్తోంది. పెద్దాయన పీట మీద అలాగే కూర్చుని, జేబులోంచి తీసిన కాగితం ముక్కని మందు పొట్లంలా మడుస్తున్నాడు.

"నిన్నటి నుంచీ ఏమీ తినలేదు," అంది ఆమె.

"చూస్తూనే ఉన్నాను. ఇక్కడ నాకూ ముద్ద దిగడం లేదు."

"ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. భాయ్ మళ్ళీ ఎందుకు కడుక్కునేవాడు?"

ఆపా ఆమె వైపు వింతగా చూసింది.

"కడుక్కోక? చెల్లీ, మాకు కాళ్ళు ఆఖర్న."

"అంటే?"

"నమాజుకి ముందు వుజూ చేస్తాం కదా. దానికొక వరస ఉంది. ముందు అరచేతులు. తర్వాత నోరు, ముక్కు, ముఖం. మోచేతుల దాకా చేతులు. తడిచేత్తో తల తుడుచుకోవడం. అన్నీ అయ్యాక ఆఖర్న కాళ్ళు. మీ మామగారేమో ఈయన గేటు దాటగానే ముందు కాళ్ళే పట్టుకుంటారు. వద్దంటే చిన్నబోతారు. ఏం చేస్తాడు మరి? కడిగించుకుని, లోపలికొచ్చి, మొదటి నుంచీ వరసగా చేసుకుంటూ కాళ్ళ దగ్గరికి వచ్చేవాడు. మీ ఆయనకి ఆ చివరి ముక్కే కనపడింది."

"అంతేనా?"

"అంతే. మైలా లేదు, మన్నూ లేదు."

అంచు కూడా ఆఖర్నే కదా మడిచేది, అనుకుంది ఆమె. నడుము సరిచెయ్యకుండా ముందు కింద అంచు కుట్టేస్తే, ఎంత బాగా కుట్టినా మళ్ళీ విప్పాల్సిందే. అందులో ఎవరి చేతికీ అవమానం లేదు. ఇంత చిన్న సంగతి. రోజూ సూదీ దారంతో బతికే తనకి కూడా తోచలేదు. గోడకి ఆవల ఇన్నేళ్ళు కాపురం చేసి, పొరుగువాళ్ళు దేవుడి ముందుకి ఎలా వెళ్తారో ఒక్కసారీ అడగలేదు. ఆమెకి సిగ్గేసింది. ఎదుటి మనిషిని ప్రేమిస్తున్నామనుకోవడం తేలిక, వాళ్ళ ఇంటి వరస తెలుసుకోవడానికే బద్ధకం.

"ఇంకోటి విను," అంది ఆపా. "రోజూ రెండుసార్లు కడగడం ఈయనకీ నచ్చలేదు. పెద్దాయన చేసింది లెక్కలోకి రాకుండా పోతోందని బాధ. ఆలోచించి ఆలోచించి, 'మిగతాదంతా ఇంట్లోనే కానిచ్చి, కాళ్ళు మాత్రం మిగుల్చుకుని వెళ్తాను. ఆయన కడిగిందే ఆఖరిది అవుతుంది. అట్నుంచి అటే నమాజుకి' అన్నాడు. పిల్లాడిలా సంబరపడిపోయాడు ఆ ఉపాయానికి. మర్నాడు అలాగే వెళ్ళాడు. గేటు దగ్గర మీ ఆయన నిలబడి ఉన్నాడు, తాళంతో."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. ఆ సాయంత్రం భర్త అడుగుతుంటే భాయ్ తల వంచుకుని నిలబడ్డాడు. గడ్డం నుంచి, మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెమట అనుకుంది తను. ఆ తడితోనే, ఆ మాటలన్నీ పడి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

"మరి ఈ మాట అప్పుడే చెప్పొచ్చు కదా," అంది ఆమె. "ఒక్క ముక్క చెబితే మా ఆయన భాయ్ కాళ్ళ మీద పడేవారు."

ఆపా కిటికీ వైపు తిరిగింది. "అది ఆయన్నే అడుగు."

చక్రం చప్పుడు ఆగింది. భాయ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతుల నిండా అద్దాల తెల్లటి పొడి. మాటలన్నీ విన్నట్టే ఉన్నాడు. ఆ వీధిలో అందరికీ చూపు సరిచేసే మనిషి ఆమె కళ్ళలోకి చూడలేక తన చేతులు చూసుకున్నాడు.

"చెల్లెమ్మా, ఆయన నా కాళ్ళు కడుగుతున్నాడని అనుకుంటున్నారు మీరంతా."

"అదే కదా చర్చిలో చేసేవారు..."

"చర్చి కాదమ్మా. చర్చిలో ఇలా తిడతారా?" భాయ్ కొంచెం నవ్వాడు. "కడుగుతున్నంతసేపూ తిడతాడు. 'బురదలోకి ఎందుకు దిగావురా చిన్నోడా, గాజుపెంకు గుచ్చుకుంటే ఎవడు కట్టు కడతాడురా, డ్యూటీ నుంచి రాగానే నాకు ఇదే పనా' అని. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూస్తాడు. దెబ్బ లేదని తేలాక మోకాలి మీద తడతాడు, పో, అన్నం తిను అని."

ఆమె గోడకి ఆనుకుంది. చిన్నోడు తన భర్త. ఆ పిలుపు అత్తగారు ఉన్నప్పుడు విన్నది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు.

"నేను 'ఇంక దిగను నాన్నా' అంటాను. ఏం చెయ్యను, అనకపోతే వదలడు. రోజూ అబద్ధమాడి నమాజుకి నిలబడుతున్నాను. దేవుడు ఏమనుకుంటున్నాడో." భాయ్ చేతుల పొడి దులుపుకున్నాడు. "తమ్ముడు వచ్చి అడిగిన రోజు, కాళ్ళ వరస సంగతి చెప్పడం ఎంతసేపు? చెబితే పశ్చాత్తాపపడి వచ్చి పక్కన నిలబడతాడు. వింటాడు. కన్నతండ్రి తనని 'అండీ' అంటూ, నన్ను చిన్నోడా అంటున్నాడని ఏ నోటితో చెప్పను? వాళ్ళ నాన్న చేతులు మురికి అనుకున్నానని అనుకోనీ. అది కోపం. కోపం పోతుంది. రెండోది పోదు."

 కిటికీ అవతల పెద్దాయన పొట్లం మడవడం పూర్తిచేసి, విప్పి, మళ్ళీ మొదలుపెట్టాడు.

సిలువకి ముందు రాత్రి ప్రభువు గదిలో శిష్యులు ఒక్కొక్కరి ముందూ మోకరించి కాళ్ళు కడిగిన సంగతి ఆమె చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. ఎప్పుడు విన్నా గొప్ప వినయం అనే చెప్పారు. ఈ వంటింట్లో నిలబడి మొదటిసారి వేరేలా తోచింది. మర్నాడు ఏమవుతుందో తెలిసినవాడు, పిల్లల కాళ్ళకి గాజుపెంకులు గుచ్చుకున్నాయేమోనని చూసుకున్నాడేమో. దానికి వినయం అని పేరు పెట్టింది తర్వాతివాళ్ళేమో. పాస్టరుగారితో అంటే ఏమంటారో తెలియదు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"సాయంత్రం రండి భాయ్. ఆయన తినకపోతే ఇంక నిలవరు."

"తమ్ముడు ఇంట్లో లేనప్పుడైతే వస్తాను. ఉంటే మాత్రం రాను."

"సరే."

సరే అంది గానీ తాళంచెవి భర్త జేబులో ఉంది.

*

షెడ్డులో వేడెక్కిన వార్నిష్ వాసన. భర్త బల్ల ముందు కూర్చుని రాగితీగ చుడుతున్నాడు. తీగ వేళ్ళ మధ్యనుంచి మెరుస్తూ జారి, వరస మీద వరసగా పడుతోంది. ఆమె ఎదురుగా కూర్చుని వుజూ సంగతి చెప్పింది. కాళ్ళు ఆఖర్న అన్నదీ, భాయ్ చేసిన ఉపాయమూ, ఆ రోజు మోచేతుల నుంచి కారిన నీళ్ళూ. అక్కడితో ఆపింది.

అతను తల ఎత్తలేదు. చేతులు మాత్రం నెమ్మదించాయి. కాసేపటికి చుట్టిన తీగ వైపు చూసి, ఎక్కడో పట్టు తప్పినట్టుంది, మెల్లగా వెనక్కి విప్పడం మొదలుపెట్టాడు.

"అడిగితే చెప్పొచ్చుగా," అన్నాడు.

"మీరు అడిగారా, అరిచారా?"

అతను విప్పుతూనే ఉన్నాడు.

"వీధంతా వినేలా అన్నాను. మైల అన్నాను."

"అన్నారు."

"మన పెళ్ళిలో ఆయనే కదే కుర్చీలు మోసింది." తీగ బల్ల మీద పెట్టేశాడు. "అంత మాట పడి, ఒక్క ముక్క చెప్పకుండా వెళ్ళిపోతాడా ఎవడైనా? ఇంకేదో ఉంది. నువ్వు చెప్పడం లేదు."

"ఏమీ లేదు."

అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. పక్కింట్లో ఒకాయన రోజూ నమాజుకి ముందు ఆడుతున్నాడు, తను ఇవాళ ఆడింది. ఇద్దరూ ఒకే మనిషి కోసం.

"తాళంచెవి ఇవ్వండి," అంది. "నేను వెళ్ళి తీస్తాను. మీకు పని ఉంది."

అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆమె చెయ్యి చాచింది. అతను ఇవ్వలేదు, లేచి దండేనికున్న చొక్కా అందుకున్నాడు.

"వేసింది నేను. తీసేదీ నేనే. ఆయనకి క్షమాపణ చెప్పుకోకుండా ఆదివారం ఏ ముఖం పెట్టుకుని చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళను?"

"రేపు చెప్పొచ్చు. ఇవాళ వద్దు."

"ఎందుకు వద్దు?"

 మంచి పని చెయ్యడానికి బయల్దేరిన మొగుణ్ణి ఎలా ఆపాలో ఏ పెద్దలూ చెప్పలేదు. చెడ్డ పనికైతే సవాలక్ష ఉపాయాలు చెప్పారు.

దారంతా అతను ముందు, ఆమె వెనక. రెండుసార్లు చెప్పేద్దామనుకుంది. రెండుసార్లూ అతని వీపు చూసి నోరు రాలేదు. పొద్దుటికంటే ఆ వీపు కొంచెం నిటారుగా ఉంది.

*

పెరట్లో ఎండ పచ్చబడింది. గోడ మీది తడి, ఆకుల మీది తడి అన్నీ ఒకే రంగులోకి వచ్చాయి. పెద్దాయన పీట మీద కునుకుతున్నాడు. తాళం తెరిచిన చప్పుడుకి కళ్ళు విప్పాడు. నిద్రలోంచి వచ్చాడో, నిద్రలోకే వచ్చాడో, ముఖమంతా వెలుగు.

అవతల వంటింటి మెట్టు మీద భాయ్ నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు మడిచి, ముఖం, గడ్డం, తల తడిగా. తెరిచిన గేటు చూసి రెండడుగులు వేసినవాడు, దాని పక్కన మెకానిక్‌ని చూసి ఆగిపోయాడు. కోడలి వైపు చూశాడు. ఆమె కళ్ళు దించుకుంది.

"భాయ్," అన్నాడు భర్త. "అన్న మాట వెనక్కి తీసుకోలేను. తప్పు నాది. కాళ్ళు ఆఖర్న అట కదా. నాకు తెలీదు భాయ్."

"తెలియనిదానికి తప్పేముంది తమ్ముడూ. అయిపోయింది." భాయ్ గేటు దాకా వచ్చాడు. "నువ్వు పని నుంచి వచ్చావు. వెళ్ళి ముఖం కడుక్కో. మనం తర్వాత మాట్లాడుకుందాం."

"లేదు. నా చేత్తో తువ్వాలు అందిస్తాను. అప్పుడు గానీ నా మనసు కుదుటపడదు."

"ఏమండీ, వీధి గుమ్మంలో ఎవరో పిలుస్తున్నట్టుంది," అంది ఆమె.

"ఉండనీ. వస్తే కూర్చుంటారు."

భాయ్ గేటు మధ్యలో నిలబడిపోయాడు. వెనక్కి వెళ్తే మొన్నటి అవమానం మళ్ళీ మొదలవుతుంది. ముందుకి వస్తే ఇది. నమాజు వేళ దాటిపోతోంది. కుళాయి దగ్గర ముసలాయన ఖాళీ బేసిన్ మీద చేత్తో తడుతూ, రా రా అని పిలుస్తున్నాడు. నిన్నటి నుంచీ ఆయన ఏమీ తినలేదు.

భాయ్ వచ్చి కుళాయి ముందున్న రాయి మీద కూర్చున్నాడు.

పెద్దాయన పీట మీంచి దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుళాయి తిప్పి, వేళ్ళతో నీళ్ళు చూసి, భాయ్ కాలు ఒకటి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ధార కింద పాదం తిప్పి తిప్పి చూశాడు. భర్త తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని, చర్చిలో నిలబడినట్టు నిలబడ్డాడు. ఆమె గేటు పట్టుకుంది. ప్రభువా, ఇవాళ్టికి ఆయన నోరు మూయించు, అని అడిగింది. అలాంటి ప్రార్థన ఆమె ఎప్పుడూ చెయ్యలేదు.

"ఎంతసేపురా చిన్నోడా," అన్నాడు పెద్దాయన. "నాన్న అన్నం తినకుండా కూర్చున్నాడని తెలీదా?"

తువ్వాలు పట్టుకున్న చేతులు కిందికి దిగాయి.

ఆమె భర్త ముఖం వైపు చూడలేకపోయింది. భాయ్ కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు మాత్రం ఏమీ ఎరగనట్టు బేసిన్‌లో పడుతూనే ఉన్నాయి.

"ఎందుకు దిగావురా ఆ బురదలోకి?"

భాయ్ పలకలేదు. ఇన్నాళ్ళూ రోజూ చెప్పిన జవాబు గొంతు దాకా వచ్చిందేమో, ఎదురుగా అసలు కొడుకుని పెట్టుకుని అది నోరు దాటలేదు. కళ్ళు తెరిచి ఆమె భర్త వైపు చూశాడు. ఆ చూపులో తప్పు చేసినవాడి భయం ఉంది.

"నిన్నే. పలకవేం? నాన్న మీద అలిగావా?" ముసలాయన గొంతులో బెదురు మొదలైంది. పాదం పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. "ఎందుకు దిగావు?"

"బంతి పడిపోయింది నాన్నా."

మాట ముసలాయన వెనక నిలబడ్డ కొడుకు దగ్గర్నుంచి వచ్చింది. చిన్న గొంతుతో, పెద్దమనిషి నోట్లోంచి. ఆ జవాబు భాయ్‌కి తెలియదు. ఆమెకీ తెలియదు.

పెద్దాయన చేతులు ఆగిపోయాయి. మెల్లగా తల తిప్పాడు. కొడుకు ముఖం చూశాడు, వార్నిష్ గోళ్ళు చూశాడు, మళ్ళీ ముఖం చూశాడు. పై అరలో ఎక్కడో పెట్టిన సీసా కోసం వెతుకుతున్నట్టు కనుబొమలు ముడుచుకున్నాయి. 

"నిజమే," అన్నాడు చివరికి. "మావాడు ఎప్పుడూ అదే చెప్తాడు. మీకెలా తెలుసు మెకానిక్ గారూ?"

భర్త పెదవులు కదిలాయి. 

భాయ్ రాయి మీద ఓ పక్కకి జరిగాడు. ఇంకొక మనిషికి చోటు వచ్చింది. ముసలాయన ఆ ఖాళీ చూశాడు, బేసిన్ అటు జరిపాడు. తలెత్తి కొడుకు కళ్ళలోకి, తెలియని మనిషి దుఃఖాన్ని చూసినట్టు, జాలిగా చూశాడు.

"అలా నిలబడ్డారేం, రండి, కూర్చోండి," అన్నాడు. "మీకు నాన్నగారు ఉన్నారా?"